ఆరడుగుల నుంచి

మా ల్యాబు నేల సముద్రానికి ఆరడుగుల పైన.
కాలవ గట్టు తెగిన ఏడు అదీ లేదు.
మలికిపురంలో పుట్టి, మేడ మీద డాబా కన్నా ఎత్తున
ఒక్క రాత్రీ నిద్రపోని మనిషిని,
రొయ్యల చెరువుల రీడింగులు రాసే పుస్తకంలో
వెనక పేజీ తిప్పి రాసుకుంటున్నాను:
లుక్లా. ఫాక్‌డింగ్. నామ్చే, రెండు రాత్రులు.

రెండెందుకో మేరీరత్నం చెప్పింది,
పీహెచ్‌సీలో ఇరవై రెండేళ్ళ నర్సు, నాతో వచ్చేది తనే.
"పగలు పైకెక్కాలి, రాత్రికి కిందికొచ్చి పడుకోవాలి.
ఒళ్ళు అలాగే నేర్చుకుంటది."
అంటే పోటూ పాటూ అన్నమాట.
మా ఉప్పుటేరు రోజుకి రెండుసార్లు చేసే పని.
దానికెవరూ ప్లాను గీసివ్వలేదు.

ఎక్కడానికి ఇక్కడేముంది?
చించినాడ వంతెన ఉంది.
తెల్లారగట్ల నాలుగుసార్లు అటూ ఇటూ,
వీపున పది కిలోల రొయ్యల మేత.
కొబ్బరికాయల లారీలు హారన్ కొట్టి మరీ చూస్తాయి.
ఆదివారం అంతర్వేది లైట్‌హౌస్ మెట్లు.
నా లెక్కకీ రత్నం లెక్కకీ ఎప్పుడూ మూడు తేడా.
పైన నిలబడితే, వరద రోజుల్లో,
ఎర్రనీళ్ళు ఎక్కడ ఆగి నీలం ఎక్కడ మొదలైందో కనబడుతుంది గానీ
కొండ అన్నది ఏ వైపూ కనబడదు.

లాకుల దగ్గర అబ్బులు టీ పదిరూపాయలు.
అక్కడ ఎక్కిన కొద్దీ టీ రేటూ ఎక్కుతుందట.
మంచం చవకట, అన్నం మాత్రం వాళ్ళ దగ్గరే తినాలట,
ఫోను ఛార్జింగుకి డబ్బులు, వేణ్ణీళ్ళ బకెట్టుకి డబ్బులు,
పొయ్యిలోకి జడల బర్రె పిడకలు.
"పిడకల పొయ్యి కాడ కూర్చుని టీ తాగడానికి
నేపాలు దాకా ఎందుకండీ? ఆయ్,
మా అత్తోరింటికి రండి" అన్నాడు అబ్బులు.
నవ్వాను. జవాబు దొరకలేదు.
దొరికినా ఖాళీ గ్లాసుతో పాటు అక్కడే పెట్టి వచ్చేదాన్ని.

నిన్న రాత్రి మూడింటికి ఫోను. కలిదిండి వారి ఐదో చెరువు.
కరెంటు పోయింది, ఫ్యాన్లు ఆగాయి.
మీటరు ముంచితే ఆక్సిజన్ రెండు పాయింట్ ఆరు.
టార్చి వేస్తే అంచు పొడుగునా రొయ్యలు,
మీసాలు పైకి పెట్టుకుని,
ఒక్కో కన్నూ ఒక్కో నిప్పురవ్వ.
ఇన్నేళ్ళుగా నాకది అంకె.
నాలుగు దాటితే క్షేమం, మూడుకి తగ్గితే పరుగు.
జనరేటరు రెండుసార్లు దగ్గి అంటుకుంది.
నీళ్ళు తెల్లగా చిమ్ముతుంటే గట్టు మీద కూలబడ్డాను.

అక్కడ గాలిలో ఇక్కడి ప్రాణంలో సగమేనట.
ఆకలి చస్తుంది, అడుగు తడబడుతుంది,
నిద్రలో ఊపిరి ఒక్క క్షణం మర్చిపోతుంది.
రత్నం రాసిచ్చిన ఆ లక్షణాలు నాకు కొత్తవి కావు,
రైతులు రోజూ ఫోనులో చెప్పేవే:
మేత మానేశాయండీ, పైకి తేలుతున్నాయండీ.
రొయ్యకి దిగిపోయే దారి లేదు.
నాకుంది.
ఆ ఒక్క మాట కింద రెండు గీతలు గీశాను.
తలనొప్పి తగ్గకపోతే, ఎంత దగ్గరికి వెళ్ళినా సరే, దిగడమే.

అప్పుడు చూసుకున్నాను, కాళ్ళకి కొత్త బూట్లు.
అలవాటవ్వాలని ఇంట్లో వేసుకు తిరుగుతూ
వాటితోనే పరిగెత్తుకొచ్చేశాను.
మడమ దాకా ఒండ్రు.
ఇదీ ఏదో కొండ మీద నుంచి దిగొచ్చిందే,
మజిలీ మజిలీకీ ఆగి,
ఎన్ని వేల ఏళ్ళు పట్టిందో ఎవరూ అడగలేదు.
మా ప్లానులో పదమూడు రోజులు.
రత్నం సెలవు పన్నెండే.

గోరక్‌షెప్ పక్కన ప్రశ్న గుర్తు పెట్టి
పుస్తకం ఇటు తిప్పి రాశాను:
ఐదో చెరువు, తెల్లవారు ఐదింటికి, నాలుగు పాయింట్ ఒకటి.